కూర్చున్న పది నిమిషాలకే లేచి పారిపోవాలనిపిస్తోంది

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. ప్రభుత్వ పాఠశాలలో టీచర్ని. రెండు నెలలుగా పొద్దున్నే ఐదింటికి లేచి, ఓ కప్పు కాఫీ తాగి, ధ్యానానికి కూర్చుంటున్నాను. మా ఊళ్లో క్లాసు పెట్టినప్పుడు వయసెంతో అన్ని నిమిషాలు కూర్చోవాలని చెప్పారు. 44 నిమిషాల మాట దేవుడెరుగు, పది నిమిషాలు దాటితే ఒంటి మీద చీమలు పాకినట్టుంటుంది, కాళ్లు ఆడుతూనే ఉంటాయి, లేచి పారిపోవాలనిపిస్తుంది. పక్కింటి మోటరు, గుడి మైకు, పొయ్యి మీద పాలు, అమ్మాయి ఎంసెట్, కట్టాల్సిన చీటీ డబ్బులు, అన్నీ అప్పుడే గుర్తొస్తాయి. సంక్రాంతికి మా తోటికోడలితో మాటా మాటా వచ్చి అప్పటినుంచి మాటల్లేవు. కళ్లు మూస్తే చాలు, ఆవిడకి చెప్పాల్సిన జవాబులన్నీ వరసపెట్టి వస్తాయి. "ఎందుకొచ్చిన తిప్పలు, ఇంకాసేపు పడుకోరాదూ" అంటారు మావారు. ఎండాకాలం సెలవుల్లో పది రోజుల శిబిరానికి వెళ్దామనుకున్నాను గానీ, పది నిమిషాలే కూర్చోలేనిదాన్ని అక్కడ ఏం చేస్తాను? నాకసలు ధ్యానం పడదేమో! (పేరు వద్దన్నారు, బాపట్ల జిల్లా)

జవాబు: మీకు ధ్యానం పడదనడానికి మీ ఉత్తరంలో నాకు ఒక్క కారణమూ కనబడలేదండీ. కనబడిందల్లా ఏమిటంటే, రెండు వేర్వేరు ఇబ్బందుల్ని ఒకే గాటన కట్టి, రెండింటికీ ఒకే మందు వాడుతున్నారు. ఆ మందు పేరు పంటి బిగువున కూర్చోవడం. మోటరు, మైకు, పాలు, చీటీ, ఇవన్నీ ధ్యాస మళ్లడం కిందికి వస్తాయి. ఒళ్లు జిలజిల్లాడటం, కాళ్లు ఆడటం, పారిపోవాలనిపించడం, ఇది అలజడి, దీని దారి వేరు. ధ్యాస మళ్లితే శ్వాస దగ్గరికి తెచ్చుకోమని అందరూ చెబుతారు, అది సరైనదే. కానీ ఒంట్లో అలజడిగా ఉన్నప్పుడు అదే పనిగా ముక్కు కొన మీదికి ధ్యాసని లాగి కట్టేస్తే అలజడి తగ్గకపోగా ముదురుతుంది. మీకు జరుగుతున్నది అదేనని నా అనుమానం.

ముందు ఆ 44 నిమిషాల సంగతి తేల్చేద్దాం. వయసెంతో అన్ని నిమిషాలు అన్నది, "శ్వాస మీద ధ్యాస" అంటూ పిరమిడ్ ధ్యానం వాళ్లు మన రెండు రాష్ట్రాల్లో ఊరూరా చెప్పిన మాట. మంచి ఉద్దేశంతోనే చెప్పారు, గుర్తుపెట్టుకోవడానికీ తేలిక. కాకపోతే నిన్న మొదలుపెట్టిన 44 ఏళ్ల మనిషికీ, ఇరవయ్యేళ్లుగా కూర్చుంటున్న 44 ఏళ్ల మనిషికీ ఒకే లెక్క ఎలా కుదురుతుంది? ఈ లెక్కన ఇంటర్ చదివే కుర్రాడికి పదిహేడు నిమిషాలు సరిపోతాయి, మోకాళ్లు అరిగిపోయిన 70 ఏళ్ల పెద్దాయన మాత్రం గంటా పది నిమిషాలు కూర్చోవాలి! కఠినంగా ఉంటాయని పేరున్న విపశ్యన (మౌనంగా ఉండి శ్వాసనీ, ఒంటినీ గమనించే బౌద్ధ ధ్యానం) శిబిరాల్లో కూడా, గంటసేపు కదలకుండా కూర్చోవడం అనే నియమాన్ని మొదటి రోజే పెట్టరు. మూడు రోజులకు పైగా ఉత్త శ్వాసే గమనించమని, నాలుగో రోజు గానీ దాని జోలికి పోరు. అదీ ఫోను, మాటలు, వంట, పిల్లల క్యారేజీలు ఏవీ లేకుండా పొద్దస్తమానం అదే పనిలో ఉన్నవాళ్లకి.

అందుకని మీరు పన్నెండు నిమిషాలకి అలారం పెట్టుకోండి. పదమూడో నిమిషం కూర్చోవద్దు. బాగా కుదిరిన రోజు కూడా లేచిపోండి, అసలు బాగా కుదిరిన రోజే తప్పకుండా లేచిపోండి, ఎందుకంటే ఇంకాసేపు కూర్చుంటే బాగుండును అనుకుంటూ లేచినవాళ్లకి మర్నాడు కూర్చోవడం బరువనిపించదు. రెండు నెలలుగా మీరు చేస్తున్నది దీనికి తలకిందులు, రోజూ ఓడిపోయాననుకుంటూ లేవడం. ఐదింటికి మెలకువ రాగానే "మళ్లీ ఆ 44 నిమిషాలా" అని లోపల మొదలవుతుంది చూడండి, మీ అలజడిలో కొంత భాగం అక్కడే పుడుతోంది, చాప పరవకముందే.

ఇక ధ్యాస మళ్లడం గురించి. 2010లో హార్వర్డ్ పరిశోధకులు రెండు వేల మందికి పైగా మనుషుల్ని ఫోన్లో వేళకాని వేళల్లో పలకరించి, ఇప్పుడు మీరు చేస్తున్న పని మీదే మనసు ఉందా, ఇంకెక్కడైనా ఉందా అని అడిగారు. దాదాపు 47 శాతం సార్లు ఇంకెక్కడో ఉందన్నారు. పనిలో, బజార్లో, భోజనం దగ్గర సగం సమయం ఎటో తిరిగే మనసు మీరు కళ్లు మూసుకోగానే కాళ్లు కడుక్కుని వచ్చి కూర్చుంటుందా? అప్పటిదాకా అది తిరుగుతోందని మీకు తెలియదు, కళ్లు మూసుకున్నాక తెలుస్తోంది, అంతే తేడా. 2012లో అమెరికాలోని ఎమొరీ విశ్వవిద్యాలయంలో ఇంకో పరిశోధన చేశారు. ధ్యానం అలవాటున్న 14 మందిని ఎంఆర్ఐ మెషీన్లో పడుకోబెట్టి, శ్వాసని గమనించండి, మనసు ఎటో పోయిందని తెలిసినప్పుడల్లా ఈ బటన్ నొక్కండి అన్నారు. అలవాటున్నవాళ్లు కదా, ఇంక నొక్కే పనేముంటుంది అనుకుంటాం. కానీ వాళ్ల మనసులూ పోతూనే ఉన్నాయి, వాళ్లూ నొక్కుతూనే ఉన్నారు. మనసు పోవడం, పోయిందని తెలియడం, వెనక్కి తిప్పడం, కాసేపు నిలవడం, మళ్లీ పోవడం, ఇలా చక్రంలా తిరుగుతుందని ఆ పరిశోధకులు రాశారు.

ఈ చక్రంలో మీరు దేన్ని వైఫల్యం అనుకుంటున్నారో గమనించండి. "అయ్యో, మళ్లీ పోయింది" అని నిట్టూరుస్తున్నారే, ఆ క్షణానికి మీరు వెనక్కి వచ్చేసి ఉన్నారు. రాకపోతే పోయిందని తెలిసేదే కాదు. సాధన అంటే ఆ క్షణమే, అది పన్నెండు నిమిషాల్లో ఇరవైసార్లు వస్తే ఇరవైసార్లు సాధన చేసినట్టు. భగవద్గీత ఆరో అధ్యాయంలో కృష్ణుడు కూడా మనసు పోనే పోదని చెప్పలేదు, ఎక్కడెక్కడికి పోతే అక్కడక్కడి నుంచి తెచ్చుకోమన్నాడు. అది విన్నాక కూడా అర్జునుడు, ఇది గాలిని బిగించి పట్టుకోవడమంత కష్టమయ్యా అన్నాడు, కృష్ణుడు అందులో సందేహం లేదని ఒప్పుకున్నాడు. అంతటివాళ్లే అలా అనుకున్నాక మనం ఓ మోటరు చప్పుడుకి ఇంత బాధపడాలా?

మోటరు అన్నాను కాబట్టి దాన్నే దగ్గరగా చూద్దాం, ఎందుకంటే అసలు కిటుకు ఇందులో ఉంది. ముందు చెవికి బర్రుమని ఓ చప్పుడు తగులుతుంది. ఆ వెంటనే, రెప్పపాటులో, "పక్కింటివాళ్ల మోటరు" అని ఓ పేరు వస్తుంది. పేరు రాగానే, ట్యాంకు నిండి రోడ్డు మీదికి కారిపోతున్నా కట్టరు, కరెంటు బిల్లు వాళ్లది కాదా, క్రితం వేసవిలో మా బోరు ఎండిపోయింది ఇందుకే, అని కథ మొదలవుతుంది. మూడు నిమిషాల తర్వాత మీరు పంచాయతీ ఆఫీసులో ఉంటారు! చప్పుడు మీకేం అడ్డం కాలేదు, అడ్డమైంది దాని వెనకాల వచ్చిన కథ. కాబట్టి చప్పుడు తగలగానే లోపల "చప్పుడు" అని మాత్రం అనుకోండి, ఎవరిదో వద్దు. చీటీ గుర్తొస్తే "ఆలోచన". బర్మాలో మహాసీ సయాదో అనే బౌద్ధ భిక్షువు నేర్పిన పద్ధతి ఇలాంటిదే, వచ్చినదానికి పొట్టిగా ఓ పేరు పెట్టి వదిలేయడం. ఆ పేరు కూడా ఇల్లంతా మోగేలా కాకుండా మెల్లిగా, అనీ అననట్టుగా అనుకోవాలి.

కొన్నింటికి ధ్యానంతో పనిలేదు. పొయ్యి మీద పాలు పెట్టి ఎవరూ ధ్యానం చేయలేరు, బుద్ధుడైనా సరే, స్టవ్ కట్టేసి కూర్చోండి. ఫోను వేరే గదిలో పెట్టండి, అలారానికి గోడ గడియారమో పాత టైంపీసో వాడండి. కూర్చునే ముందు ఓ కాగితం మీద ఆ రోజు చేయాల్సినవి రాసి పారేయండి: చీటీ ఎప్పుడు కట్టాలి, అమ్మాయి హాల్‌టికెట్, గ్యాస్ బుకింగ్. మర్చిపోతానేమో అన్న భయంతోనే మనసు వాటిని మాటిమాటికీ తెచ్చి ముందు పెడుతుంది, కాగితం మీదికి ఎక్కితే చాలావరకు ఊరుకుంటుంది. శ్వాసని లెక్కపెట్టుకోవడం కూడా పనికొస్తుంది. ఐదో శతాబ్దపు బౌద్ధ పండితుడు బుద్ధఘోషుడు ఐదుకి తగ్గకుండా, పదికి మించకుండా లెక్కపెట్టమన్నాడు. ఐదుకి ముందే ఆపేస్తే మనసుకి ఇరుకుగా ఉంటుంది, పది దాటితే శ్వాసని వదిలేసి అంకెల్ని పట్టుకుంటుంది. లెక్క తప్పితే ఒకటి నుంచి మళ్లీ మొదలు, ఏడ్చుకోనవసరం లేదు. మీరే హఠాత్తుగా 23 దగ్గర ఉన్నారనుకోండి, నోరు లెక్కపెడుతుంటే మనసు వేరే ఊరెళ్లిందని అర్థం.

ఇప్పుడు అలజడి. యోగసూత్రాలు రాసిన పతంజలి చిత్తవిక్షేపాల (మనసు చెదిరిపోవడాల) వెంట వచ్చేవాటిని చెబుతూ దుఃఖం, దౌర్మనస్యం (మనసు కుంగిపోవడం), శ్వాస ఒడిదుడుకులతో పాటు అంగమేజయత్వాన్నీ చేర్చాడు, అంటే ఒళ్లు నిలకడగా ఉండక వణకడం, కదిలిపోవడం. కాబట్టి కాళ్లు ఆడటం మీతో మొదలైంది కాదు. ఊరికే కూర్చోవడం మనిషికి ఎంత కష్టమో తెలియాలంటే వర్జీనియా విశ్వవిద్యాలయం వాళ్ల ప్రయోగం ఒకటుంది, 2014లో అచ్చయింది. ఓ గదిలో పదిహేను నిమిషాలు ఒంటరిగా ఏమీ చేయకుండా కూర్చోమన్నారు. పక్కన ఓ మీట ఉంది, నొక్కితే చిన్న కరెంటు షాక్ తగులుతుంది. ఈ షాక్ మళ్లీ తగలకుండా ఉండటానికి డబ్బులైనా ఇస్తామని అంతకుముందు చెప్పినవాళ్లే వాళ్లంతా. తీరా చూస్తే 18 మంది మగవాళ్లలో 12 మంది, 24 మంది ఆడవాళ్లలో ఆరుగురు తమకు తామే షాక్ ఇచ్చుకున్నారు. వాళ్లకంటే మీ కాళ్లు ఆడించుకోవడం చాలా నయం.

అలజడిగా ఉన్న ఒంటిని ఒక్కసారిగా కూర్చోబెట్టకుండా మెట్టు మెట్టుగా దింపాలి. మజ్ఝిమ నికాయమనే బౌద్ధ గ్రంథంలో బుద్ధుడు ఆలోచనల్ని అణచడం గురించి చెబుతూ ఓ మనిషిని ఉదాహరణగా తీసుకుంటాడు. వేగంగా నడుస్తున్న ఆ మనిషి, ఇంత వేగం ఎందుకని మెల్లిగా నడుస్తాడు, అసలు నడవడం ఎందుకని నిలబడతాడు, నిలబడటం ఎందుకని కూర్చుంటాడు. మీరు దీన్ని అక్షరాలా చేయండి. మేడ మీదికి వెళ్లి ఐదు నిమిషాలు గబగబా నడవండి, ఆ తర్వాత రెండు మూడు నిమిషాలు అరికాలు నేలకి ఆనడం తెలిసేంత మెల్లిగా నడవండి, ఓ నిమిషం కదలకుండా నిలబడండి, అప్పుడు కూర్చోండి. కూర్చున్నాక మొదటి పది శ్వాసలు వదలడం తీసుకోవడం కంటే పొడుగ్గా ఉండేలా చూసుకోండి, నాలుగు అంకెలు లెక్కపెట్టేలోపు తీసుకుంటే ఆరేడు అంకెల దాకా వదలడం. నిదానంగా వదిలే శ్వాసకి గుండె వేగం కాస్త తగ్గుతుంది.

అప్పటికీ అలజడి వస్తే ముక్కు దగ్గరే వేలాడకండి. ధ్యాసని వెడల్పు చేయండి: పిరుదులు చాపకి ఆనిన చోటు, తొడల బరువు, అరచేతుల వెచ్చదనం, ఒళ్లంతా ఒకేసారి. "చీమలు పాకినట్టు" అని రాశారు కదా, ఆ చీమలు సరిగ్గా ఎక్కడున్నాయి? పిక్కలోనా, తొడ వెనకా, చర్మం మీదా, లోపలా? అక్కడే ఉంటున్నాయా, కదులుతున్నాయా? ఎన్ని శ్వాసల పాటు పెరిగాయి, ఎప్పుడు తగ్గాయి? లేచిపోవాలన్న కోరిక కూడా ఇలాగే పెరిగి, ఓ దశలో ఇంక భరించలేననిపించి, మీరేమీ చేయకపోయినా కాస్త దిగుతుంది. ఇది నేను చెబితే నమ్మేది కాదు, మీరు ఒక్కసారి చూడాలి. చూసినా తగ్గలేదు, కాలు చాపాలనే ఉంది, అప్పుడు చాపండి. చాపబోతున్నానని తెలిసి, మెల్లిగా, ఒక కాలే. తెలియకుండా ఇరవైసార్లు కదలడానికీ, తెలిసి ఒక్కసారి కదలడానికీ చాలా తేడా ఉంది. పౌరుషానికి పోయి కదలకుండా బిగుసుకుపోవడంలో గొప్పేమీ లేదు. సోణుడనే భిక్షువు పాదాలు నెత్తురోడేంత పట్టుదలగా నడక ధ్యానం చేసి, ఇది నావల్ల కాదు, ఇంటికి పోతానని అనుకుంటే, బుద్ధుడు వచ్చి, నువ్వు వీణ వాయించేవాడివి కదా, తీగ మరీ బిగిస్తే పలికేదా అని అడిగాడట.

కూర్చునే పద్ధతి కూడా సరిచూసుకోండి. ఉత్త చాప మీద బాసింపట్టు వేస్తే మోకాళ్లు పైకి లేస్తాయి, నడుము వెనక్కి పడుతుంది, కాళ్లకు తిమ్మిరెక్కుతుంది. రెండు దుప్పట్లు మడిచి పిరుదుల కింద వేసుకుంటే మోకాళ్లు కిందికి దిగుతాయి. కుర్చీలో కూర్చున్నా తప్పులేదు. కాఫీ ధ్యానం అయ్యాక తాగండి. ఇది వినడానికి చిన్న విషయంలా ఉంటుంది గానీ, పరగడుపున స్ట్రాంగ్ కాఫీ పోసి ఆ ఒంటిని వెంటనే కదలకుండా ఉండమంటే ఎలా ఉంటుంది? మీ వారి మాటలో కూడా కాస్త నిజం ఉంది. రాత్రి పదకొండున్నరకి పడుకుని ఐదింటికి లేస్తున్నట్టయితే పొద్దున ఆ కాసేపూ పడుకోండి, ధ్యానం స్కూలు నుంచి వచ్చాక సాయంత్రం పెట్టుకోండి. బ్రాహ్మీ ముహూర్తంలోనే చేయాలని పట్టుబట్టి నిద్ర చంపుకున్నవాళ్లు అటు ధ్యానానికీ ఇటు పనికీ కాకుండా పోవడం నేను చాలా చూశాను.

తోటికోడలి సంగతి కావాలనే ఇంతదాకా ఆపాను. బౌద్ధులు ధ్యానానికి ఐదు అడ్డంకులు చెబుతారు, అందులో నాలుగోది జంటగా ఉంటుంది: అలజడీ, చేసినదాని గురించో చేయనిదాని గురించో పీకులాటా. రెండింటినీ విడదీయకుండా పక్కపక్కనే పెట్టారు. మీ ఉత్తరంలో చీమలు పాకడం ఎప్పుడు మొదలైందో మీరు రాయలేదు గానీ, ఆ జవాబులు రావడం మొదలైనప్పుడే కాళ్లు కూడా ఎక్కువ ఆడుతున్నాయేమో ఓ వారం గమనించండి. మీరు తలలో తయారుచేస్తున్న జవాబుల్లో కొన్ని చాలా బాగుండి ఉంటాయి, వచ్చిన చిక్కల్లా అదే, అంత మంచి మాట వదలబుద్ధి కాదు. కూర్చున్నప్పుడు "జవాబు" అని పేరు పెట్టి, దవడ బిగుసుకుందా, గొంతులో ఏమన్నా అడ్డం పడినట్టుందా చూసుకుని వదిలేయండి. ఎవరిది తప్పో ఆ పన్నెండు నిమిషాల్లో తేల్చవద్దు.

అయితే ధ్యానం ఈ గొడవని తీరుస్తుందని మాత్రం నేను చెప్పను. ఒక ఇంట్లో కోడళ్లుగా ఉన్న ఇద్దరు మాట్లాడుకోకపోవడమన్నది ఇంటి విషయం, ఇంట్లోనే తేలాలి. తప్పు మీదో ఆవిడదో నాకు తెలియదు, క్షమాపణ చెప్పమనడం లేదు. కానీ నిర్ణయమంటూ ఒకటి చేసుకోండి. మాట్లాడదలుచుకుంటే ఓ ఆదివారం ఫోన్ చేసి, సంక్రాంతి ఊసెత్తకుండా పిల్లల పరీక్షలెలా రాశారని అడగండి. ఆవిడ ముక్తసరిగా మాట్లాడి పెట్టేయొచ్చు, అయినా మీ వైపు నుంచి చేయాల్సింది అయిపోతుంది. మాట్లాడదలుచుకోకపోతే అదీ ఖాయం చేసుకోండి, దసరా దాకా ఈ విషయం ఎత్తను అని. ఎటూ తేల్చనిదే రోజూ పొద్దున ఐదింటికి వచ్చి కూర్చుంటుంది.

ఒంటి సంగతి ఒకటి చెప్పాలి. రాత్రి పడుకున్నప్పుడు కూడా పిక్కల్లో పాకినట్టు ఉండి, కాళ్లు కదిపితేనో లేచి నడిస్తేనో తగ్గుతుంటే అది ధ్యానం సమస్య కాకపోవచ్చు. ఐరన్ తక్కువైతే ఇలా ఉండే అవకాశం ఉంది, నెలసరి ఎక్కువగా అయ్యేవాళ్లలో ఐరన్ తగ్గడం మామూలే. డాక్టర్ని అడిగి, ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెర్రిటిన్ రక్తపరీక్ష చేయించుకోండి. గుండె దడ, చేతుల వణుకు, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే థైరాయిడ్ కూడా. కూర్చున్నప్పుడు ఊపిరి ఆడనట్టు, భయం ముంచుకొచ్చినట్టు, ఎప్పటివో చేదు జ్ఞాపకాలు పైన పడినట్టు అనిపిస్తే మాత్రం గమనించడం, ఓర్చుకోవడం లాంటివేమీ పెట్టుకోవద్దు. కళ్లు తెరిచి లేచిపోండి, ఎవరితోనైనా మాట్లాడండి. మానసిక ఇబ్బందులకి సాయం చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 కి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

శిబిరం గురించి అడిగారు. మీకు దగ్గర్లో అంటే ఏలూరు వైపు విజయరాయిలో విపశ్యన కేంద్రం ఉంది, హైదరాబాద్‌లో నాగార్జునసాగర్ రోడ్డు మీద ఉన్నది 1976 నాటిది. ఫీజు తీసుకోరు, పూర్తిచేసినవాళ్లు ఇచ్చే విరాళాలతోనే నడుస్తాయి. పొద్దున నాలుగింటికి గంట కొడతారు, రోజుకి దాదాపు పది గంటల సాధన, ఎవరితోనూ మాటలుండవు. ఇంట్లో పది నిమిషాలు కూర్చోలేనివాళ్లు కూడా అక్కడ పూర్తిచేసి వస్తుంటారు, అక్కడ పొయ్యి మీద పాలు ఉండవు కాబట్టి. కానీ ఈ వేసవికి వద్దు. అమ్మాయి ఎంసెట్, కౌన్సెలింగ్ మధ్యలో మీరు అక్కడ కూర్చున్నా మనసు ఇక్కడే ఉంటుంది, ఐదో రోజుకి బ్యాగు సర్దుకుంటారు, అప్పుడు దాన్ని కూడా ఓటమి ఖాతాలో రాసుకుంటారు. వచ్చే ఏడాది సెలవులకి చూసుకోండి. దరఖాస్తులో ఆరోగ్యం గురించి, వాడే మందుల గురించి అడుగుతారు, అక్కడ ఏదీ దాచకుండా రాయండి.